మేనత్త కుడిచెయ్యి

ఆ వారపత్రిక ఆఫీసులో ఆవిణ్ణి పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. ఎడిటరుగారి దగ్గర్నుంచి పేజీలు పేర్చే ఆయన దాకా అందరూ ఎర్రసిరాగారనే అంటారు. ఇరవై ఏడేళ్ళుగా ఒకే కిటికీ పక్కన, ఒకే బల్ల ముందు కూచుని ఎర్రసిరా కలంతో ప్రూఫులు దిద్దుతున్న మనిషిని ఇంకేమంటారు? మనం మాత్రం ఆవిణ్ణి అక్క అనుకుందాం. ఎందుకంటే ఆవిడ జీవితంలో వచ్చిన తంటా అంతా ఆ వరసతోనే వచ్చింది.

అక్షరదోషాలు దిద్దడం పెద్ద విద్యేం కాదు, కళ్ళూ ఓపికా ఉంటే ఎవరైనా దిద్దుతారు. అక్క కథల్లో మనుషుల్ని కూడా దిద్దేది. మూడో పేజీలో పోయిన మామగారు తొమ్మిదో పేజీలో తీరిగ్గా కాఫీ తాగుతుంటే ఆయన చేతిలోంచి కప్పు లాగేసుకునేది. ఇవాళ ఎక్కిన రైల్లోంచి నిన్ననే దిగిన హీరోని రెక్క పట్టుకుని వెనక్కి పంపించేది. రాసినవాళ్ళు ఎంత పేరున్నవాళ్ళయినా సరే, మార్జిన్లో ఎర్రటి ప్రశ్నార్థకం పడాల్సిందే. "అవి కళ్ళు కావండీ బాబూ, సూదులు" అని ఒక నవలాకారుడు ఎడిటరుగారి దగ్గర మొత్తుకున్నాడట. ఆ మాట చెవినపడి అక్కకి ఆ వారమంతా మహా హుషారుగా గడిచింది.

డిటెక్టివ్ కథ వచ్చిందంటే మరీ పకడ్బందీ. పాత ప్రూఫు కాగితం వెనక్కి తిప్పి నాలుగు గళ్ళు గీసేది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, చేతిలో ఏముంది. కథలో మనిషి కదిలినప్పుడల్లా ఆ గళ్ళలో రాసుకునేది. కథ పూర్తయ్యేసరికి దొంగ రాకపోకలు రాసినవాళ్ళ కంటే ఆవిడకే బాగా తెలిసిపోయేవి.

ఆ పత్రికకి ఒక ఆనవాయితీ ఉంది. ఏటా క్రిస్మస్ సంచికలో పెద్ద డిటెక్టివ్ కథ ఒకటి వేస్తారు గానీ చివరి అధ్యాయం వెయ్యరు. దొంగ ఎవరో, ఎలా చేశాడో పాఠకులే ఊహించి ఉత్తరాలు రాయాలి. అసలు సంగతి కొత్త సంవత్సరం సంచికలో బయటపడుతుంది. మధ్యలో ఆ వారం పదిరోజులూ బస్సుల్లో, క్షౌరశాలల్లో, ఆసుపత్రి వరండాల్లో ఎక్కడ విన్నా ఇదే గొడవ. వంటమనిషేనని ఒకరు, కాదు అల్లుడేనని ఇంకొకరు. ఇంతమందిని ఇలా కొట్టుకునేలా చేస్తున్న ఆ కథలన్నీ రాసింది ఎవరో కాదు, అక్క సొంత చెల్లెలు.

నిజానికి చిన్నప్పుడు కథలు చెప్పింది అక్క. ఈ సంగతి మనం మర్చిపోకూడదు. అక్క ఎలాగూ మర్చిపోలేదు. వాళ్ళ నాన్న పుస్తకాలు బైండు చేసేవాడు, అమ్మ నర్సు. చెల్లెలికి ఏడేళ్ళప్పుడు డిసెంబరు నెలంతా జ్వరం. పన్నెండేళ్ళ అక్క మంచం పక్కన కూచుని, మూసి ఉన్న గదులూ, మాయమైన హారాలూ, క్రిస్మస్ చెట్టు కింద ఎవరూ విప్పని పొట్లాలూ, ఆ పొట్లాల్లోంచి వచ్చే టిక్కుటిక్కు చప్పుళ్ళూ నోటికొచ్చినట్టు కల్పించి చెప్పేది. దొంగతనం చేయించడంలో అక్కని మించినవాళ్ళు లేరు. దొంగని పట్టుకోవాల్సి వచ్చేసరికి చతికిలబడేది. అప్పుడు చెల్లెలు దుప్పట్లోంచి తల బయటపెట్టి, "అది కాదే అక్కా, గడియారాలు బాగుచేసేవాడే దొంగ. పొట్లంలో ఏముందో వాడొక్కడికే తెలుసు" అనేది.

అక్క కాసేపు దానివంక చూసి, "నేనూ అదే చెప్పబోతున్నా" అనేది. పచ్చి అబద్ధం.

ఆ జ్వరం రోజుల్లోనే ఓ సాయంత్రం చెల్లెలికి రొట్టె కోయబోయి, నాన్న అట్టలు కోసే కత్తితో కుడి అరచెయ్యి కోసుకుంది. నాలుగు వేళ్ళూ కలిపి కట్టు కట్టింది అమ్మ. ఆ కట్టు ఒళ్ళో పెట్టుకునే ఆపూట కథ కూడా చెప్పింది అక్క. అరచేతిలో ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

పత్రికలో చేరిన రెండో ఏడు అక్క ధైర్యం చేసి ఓ డిటెక్టివ్ కథ రాసింది. ఇంకో పేరు పెట్టి, ఇంటి చిరునామా ఇచ్చి పోస్టులో వేసింది. నాలుగురోజుల తర్వాత ఎడిటరుగారు ఆ కాగితాల కట్ట తెచ్చి ఆవిడ బల్ల మీదే పడేశారు. తిప్పిపంపే కథలకి ఉత్తరాలు రాసే పని కూడా అక్కదే మరి. "ఎవరో గానీ ఎత్తుకోవడం బ్రహ్మాండంగా ఎత్తుకున్నారండీ. దింపడమే చేతకాలేదు. మర్యాదగా రెండు ముక్కలు రాసి పంపించెయ్యండి" అన్నారు. అక్క తనకి తానే మర్యాదగా రెండు ముక్కలు రాసుకుంది. మీ ప్రయత్నం అభినందనీయం, మరింత కృషి చేయగలరు. స్టాంపు అంటించి తనే పోస్టుడబ్బాలో వేసింది, రెండ్రోజులకి ఇంటికొస్తే తనే విప్పి చదువుకుంది. ఈ సంగతి తర్వాత కట్టుకున్న మొగుడికి కూడా చెప్పలేదు.

ఆరేళ్ళు గడిచాక, స్కూల్లో లెక్కలు చెప్పుకునే చెల్లెలు, సెలవుల్లో ఏమీ తోచక రాశానంటూ ఒక కథ తెచ్చి అక్క చేతిలో పెట్టింది. "చూడవే అక్కా. బాగోకపోతే చింపెయ్" అంది. అక్క దాన్ని బస్సులో చదువుతూ దిగాల్సిన స్టాపు దాటిపోయింది. కథ బాగోకపోవడమా! చింపెయ్యమన్న మాట గుర్తొచ్చి చేతులు దురదపెట్టిన మాట నిజమే. అయినా చింపలేదు, తీసుకెళ్ళి ఎడిటరుగారికి ఇచ్చింది. ఉన్న మంచితనమంతా ఆ ఒక్కరోజే ఖర్చుపెట్టేసింది కాబోలు, ఆ తర్వాత చెల్లెలి విషయంలో ఆవిడ దగ్గర పెద్దగా మిగల్లేదు.

ఎలా మిగులుతుంది లెండి? చెల్లెలు ఆఫీసుకొస్తే ఎడిటరుగారు కుర్చీలోంచి లేచి నిలబడతారు. ఇన్నేళ్ళలో అక్క కోసం ఆయన కాలు మీద కాలు కూడా తియ్యలేదు. చెల్లెలికి కాఫీ సాసరుతో వస్తుంది, అక్కకి గాజుగ్లాసులో వస్తుంది. చెల్లెలికొచ్చే అభిమానుల ఉత్తరాలు సంచిలో వేసుకుని, రెండు వీధులవతల ఉన్న ఆ ఇంటికి మోసుకెళ్ళేది అక్కే. బస్సు కండక్టరు టిక్కెట్టు చింపుతూ, "మీరు ఆ డిటెక్టివ్ కథల ఆవిడకి అక్కగారటగా?" అన్నాడొకసారి. "అవును" అంటూ నవ్వింది. ఆ మర్నాటి నుంచి ఆ బస్సు వదిలేసి, పది నిమిషాలు ఆలస్యంగా వచ్చే ఇంకో బస్సు ఎక్కడం మొదలుపెట్టింది.

అక్క మొగుడు గడియారాలు బాగుచేస్తాడు. చిన్ననాటి కథ మరదలి నోట విన్నప్పటి నుంచీ, "నేను దొంగనని తెలిసే మీ అక్క నన్ను కట్టుకుని కాపలా కాస్తోంది" అని వేళాకోళమాడేవాడు. మెత్తటి మనిషే గానీ కళ్ళు మాత్రం చురుకు. క్రిస్మస్ సంచిక పని మొదలైందంటే ఇంట్లో గిన్నెల చప్పుడు పెరుగుతుందని ఆయన ఎప్పుడో కనిపెట్టాడు. "ఏమోయ్, మీ చెల్లెలి కథ ప్రూఫు వచ్చినట్టుందే?" అనేవాడు వంటింట్లోకి తొంగిచూసి.

"మీకెవరు చెప్పారు?"

"మూకుడు చెప్పింది."

ఈ యేడు చెల్లెలిది ఇరవయ్యో కథ. ఎడిటరుగారికి కొత్త ఆలోచన వచ్చింది. ముఖచిత్రం మీద చెల్లెలి ఫొటో వెయ్యాలి. డిసెంబరు మొదటివారంలో ఓ మధ్యాహ్నం ఫొటోగ్రాఫరు వచ్చాడు. ఆఫీసంతా కలయదిరిగి, వెలుతురు ఒక్క అక్క కిటికీ దగ్గరే బాగుందని తేల్చాడు.

"ఎర్రసిరాగారూ, ఓ పది నిమిషాలు అలా పక్కకి జరుగుతారా?" అన్నారు ఎడిటరుగారు.

అక్క జరిగింది. ఆవిడ కుర్చీలో చెల్లెలు కూచుంది. చేతులు ఊరికే ఉంటే బాగోదన్నాడు ఫొటోగ్రాఫరు, అక్క ఎర్రసిరా కలం తీసి ఆ చేతిలో పెట్టాడు. బల్ల మీదున్న ప్రూఫుల కట్ట ముందుకి జరిపాడు.

"అయ్యో, ఇది అక్క బల్లండీ, అక్కని కూడా పక్కన నిలబెట్టండి" అంది చెల్లెలు.

"ముఖచిత్రానికి ఒక్కరుంటేనే అందమండీ" అన్నాడు ఫొటోగ్రాఫరు. ఎడిటరుగారు తలూపారు. అక్క బీరువా పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అది నెమ్మదిగా, మోకాళ్ళ మీదుగా, తీరుబడిగా ఎక్కింది. చెల్లెలు మాత్రం నవ్వుతూ ఆవిడవంకే చూస్తోంది. ఆ నవ్వే ఫొటోలో పడింది. ముఖచిత్రం చూసి ఎంత స్వచ్ఛంగా నవ్వుతోందో అని లోకమంతా మెచ్చుకున్న నవ్వు అక్కని చూసి నవ్విందే.

అందరూ వెళ్ళిపోయాక అక్క తన కుర్చీలో తను కూచుంది. కలం ఎడంపక్కన పెట్టి ఉంది. దాన్ని కుడివైపుకి మార్చుకుని, చెల్లెలి కథ ప్రూఫు ముందుకి లాక్కుని, నాలుగు గళ్ళు గీసింది.

కథ ఇదీ. ఒక కలప వ్యాపారి ఇల్లు. క్రిస్మస్ సాయంత్రం. బల్ల మీద చిన్న క్రిస్మస్ చెట్టు, దాని కొసన ఎర్రరాయి పొదిగిన వెండి నక్షత్రం, అరచేతిలో పట్టేటంత. కేకు కోస్తూ వ్యాపారిగారి మేనత్త కుడిచెయ్యి కోసుకుంటుంది. వీధి చివరి డాక్టరు సంచి పట్టుకొచ్చి, నాలుగు వేళ్ళూ కలిపి కట్టు కడతాడు. తర్వాత పిల్లలు కొవ్వొత్తుల వెలుగు చూస్తారని నాలుగు నిమిషాలు దీపాలు ఆర్పేస్తారు. ఆ నాలుగు నిమిషాలూ చీకట్లో మేనత్త పియానో వాయిస్తూనే ఉంటుంది. దీపాలు వెలిగేసరికి చెట్టు కొసన నక్షత్రం లేదు. విందుకొచ్చిన రిటైర్డు స్టేషన్ మాస్టరు నిమిషాల లెక్కలు వేసి దొంగని పట్టుకుంటాడు. దొంగ డాక్టరు. నక్షత్రం మందుల సంచిలో వెళ్ళిపోయింది.

అక్క గళ్ళు నింపుకుంటూ పోయింది. మేనత్త, పియానో ముందు, ఏడుంపావు నుంచి. చేతిలో ఏముంది అన్న గడి దగ్గర కలం ఆగింది. చేతిలో కట్టు ఉంది. నాలుగు వేళ్ళూ కలిపి కట్టిన కుడిచెయ్యి. ఆ చేత్తో పియానో ఎలా వాయిస్తుంది?

అక్క మళ్ళీ చదివింది. సందేహం లేదు. మేనత్త వాయించలేదంటే ఆ పాట వేరే ఎక్కణ్ణుంచో వచ్చి ఉండాలి. రెండో పేజీలోనే హాలు మూల ఒక గ్రామఫోను ఉంది. అలంకారానికి పెట్టింది కాబోలు, దాని ఊసు మళ్ళీ ఎక్కడా లేదు. చదివేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి? గ్రామఫోను పాడింది, చీకట్లో మేనత్త లేచింది, నక్షత్రం కట్టులో దాచింది. డాక్టరు కంటే మేనత్తే ఎంతో బాగా అతుకుతుంది. చెల్లెలి కథ మొత్తం ఒక్క గుడ్డపీలిక దగ్గర కుప్పకూలుతోంది.

అలవాటు కొద్దీ పెన్సిలు తీసి ఆ వాక్యం పక్కన మార్జిన్లో ప్రశ్నార్థకం పెట్టింది. అక్క పద్ధతి అది. ముందు పెన్సిలు, నమ్మకం కుదిరాక ఎర్రసిరా. ఎర్రసిరా కలం అందుకోబోతూ తన అరచెయ్యి చూసుకుంది. మచ్చ కనిపించింది.

నాలుగు వేళ్ళూ కలిపి కట్టు. ఇది నాది కదూ, అనుకుంది. నా రొట్టె, నా కత్తి, నా గాయం. కథలు చెప్పే విద్య తీసుకుంది, ఎడిటరు మర్యాద తీసుకుంది, ఇవాళ నా కుర్చీ, నా కిటికీ, నా కలం తీసుకుంది. ఆఖరికి నా గాయం కూడా కేకు పక్కన పెట్టి అమ్ముకుంటోందా? కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. ఏడుపు కాదది, పచ్చి కుళ్ళు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

రబ్బరు తీసి ప్రశ్నార్థకం చెరిపేసింది. నాలుగు గళ్ళ కాగితం ఉండచుట్టి చెత్తబుట్టలో వేసింది. ఎర్రసిరాతో పేజీ అడుగున టిక్కు పెట్టింది. ఆ టిక్కు పడితే ఇక ఎడిటరుగారు కూడా ఆ పేజీ చూడరు. చూస్తే తనని అవమానించినట్టని ఇరవై ఏళ్ళ కిందట ఆవిడే రభస చేసి పెట్టించుకున్న నియమం.

ఆపూట ఇంట్లో గిన్నెలు చప్పుడు చెయ్యలేదు. మొగుడు రెండుసార్లు వంటింట్లోకి తొంగిచూశాడు. "ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

"బానే ఉంది" అంది. సంతోషంగా ఉండాల్సింది. ఎందుకో అంత సంతోషంగా లేదు.

క్రిస్మస్ రోజు మధ్యాహ్నం భోజనం చెల్లెలి ఇంట్లో. ముఖచిత్రానికి ఫ్రేము కట్టించి గోడకి తగిలించాడు చెల్లెలి మొగుడు. వచ్చిన చుట్టాలంతా దొంగ ఎవరో చెప్పమని చెల్లెల్ని పీక్కుతింటున్నారు. "నన్నడక్కండి, అక్కనడగండి. నా కథలో దొంగలందరూ ముందు దానికే లొంగుతారు" అంది చెల్లెలు నవ్వుతూ. తర్వాత కేకు ముక్క కోసి అక్క పళ్ళెంలో వేస్తూ, "రాస్తున్నంతసేపూ భయమేనే నాకు. నీ టిక్కు పడిందని తెలిశాకే నిద్రపట్టింది" అంది మెల్లిగా.

అక్క కేకు ముక్క పళ్ళెంలోనే వదిలేసింది. అప్పటికింకా ఒక్క ఉత్తరం కూడా రాలేదు, ఒక్క మాట చెబితే చాలు. ఇదుగో, ఇక్కడ పొరపాటు దొర్లింది, చివరి అధ్యాయం మార్చుకుందాం అంటే పోయేది. అనబోయింది కూడా. సరిగ్గా అప్పుడే చుట్టాల్లో ఒకావిడ, "అక్కాచెల్లెళ్ళలో ఒకరికే ఇచ్చాడు చూడండి దేవుడు" అంది గోడ మీద ఫొటోకేసి చూస్తూ. అక్క నోరు మూసుకుంది.

రెండు రోజుల తర్వాత ఉత్తరాలొచ్చాయి. గోనెసంచిలో వచ్చాయి. విప్పి చదివే పనీ అక్కదే. మొదటి ఉత్తరం ఒక దర్జీ రాశాడు. మేనత్తే దొంగ, ఆ కట్టుతో నేను సూదే పట్టుకోలేను, ఆవిడ పియానో ఎలా వాయించింది? రెండోది ఒక ఇల్లాలు. మేనత్త. మూడోది, పదోది, నలభయ్యోది, మేనత్త, మేనత్త, మేనత్త. డాక్టరు పేరెత్తినవాళ్ళు ముగ్గురంటే ముగ్గురు. మొదటి గంటలో అక్క గుండెల్లో ఎక్కడో కాస్త తియ్యగా అనిపించిన మాట దాచడమెందుకు? రెండో గంటకి ఉత్తరాల గుట్ట ఎత్తుకెళ్ళి ఎడిటరుగారి బల్ల మీద పెట్టింది.

ఎడిటరుగారు చెల్లెలికి కబురుపెట్టారు. ఆవిడ స్కూలు నుంచి సరాసరి వచ్చింది, చేతులకి సుద్దపొడి కూడా కడుక్కోలేదు. ముగ్గురూ ఎడిటరుగారి గదిలో కూచున్నారు. బల్ల మీద ప్రూఫు కాగితాలు, పక్కన ఉత్తరాల గుట్ట. ఈసారి కాఫీ ఎవరికీ రాలేదు.

"ఎర్రసిరాగారూ, మీ కళ్ళు సూదులంటారు కదండీ. ఇంత కట్టు కనపడలేదా?" అన్నారు ఎడిటరుగారు.

చెల్లెలే అందుకుంది. "అక్కనేమీ అనకండి. తప్పు నాది. డాక్టర్ని ఇంట్లోకి రప్పించడానికి ఏదో గాయం కావాలి కదా అని ఆఖర్న కలిపానది. పియానో సంగతి మర్చేపోయాను."

"అయిందేదో అయింది. చివరి అధ్యాయం మార్చెయ్యండి. మేనత్తనే దొంగని చేసేద్దాం. జనం కూడా అదే అంటున్నారు. రేపు మధ్యాహ్నంలోగా పేజీ పోవాలి."

"మేనత్తని చెయ్యను."

"ఎందుకు చెయ్యరు?"

చెల్లెలు తలవంచుకుంది. "మీరు గమనించలేదేమో గానీ, ఇరవై కథల్లోనూ ఆవిడ ఉందండీ. ఒకచోట పెద్దమ్మ, ఒకచోట నర్సు, ఇంకోచోట పక్కింటి టీచరు. ఎవరి మీద అనుమానం వచ్చినా ఆవిడ మీద రాదు. అందర్నీ దొంగలనుకోగలను గానీ, ఆవిడ్ని అనుకోలేను. అందుకే ఈసారి కూడా ఆవిడ చేతుల వంక సరిగ్గా చూసుకోలేదు. ఆవిడ మా అక్కండీ."

అక్కకి తల కొట్టేసినట్టయింది. పందొమ్మిదేళ్ళు ప్రతి కథనీ మూడేసిసార్లు చదివింది. కామాలు పట్టుకుంది, గడియారాలు సరిచేసింది, రైళ్ళు వెనక్కి పంపింది. తనెక్కడుందో మాత్రం చూసుకోలేదు.

చెల్లెలు మాట్లాడుతూనే ప్రూఫు కాగితం దగ్గరికి లాక్కుంది. కట్టు వాక్యం పక్కన మార్జిన్ మీద బొటనవేలు ఆనించింది. ఆ వేలు అక్కడే ఆగిపోయింది. కాగితం ఎత్తి కిటికీ వెలుతురుకి పట్టి చూసింది. లెక్కల టీచరు కదా, పరీక్ష కాగితాల్లో చెరిపేసిన జవాబులు చదవడం ఆవిడకి రోజూ ఉండే పనే. రబ్బరు పెట్టి రుద్దినా పెన్సిలు నొక్కు పోదు. ప్రశ్నార్థకం వంపూ, కిందనున్న చుక్కా వెలుతురులో స్పష్టంగా కనిపించాయి.

చెల్లెలు కాగితం దింపి అక్కవంక చూసింది. ఎడిటరుగారితో మాత్రం ఏమీ అనలేదు.

"మీరు కాస్త బయటికెళ్తారా? మేమిద్దరం ఆలోచించుకుంటాం" అంది.

తన గదిలోంచి తననే పొమ్మనడం ఎడిటరుగారికి కొత్త. ఉత్తరాల గుట్ట వంక ఓసారి చూసి లేచి వెళ్ళారు.

తలుపు పడ్డాక అక్కే ముందు నోరు విప్పింది. "ఆవిడే దొంగ. ఎలా చేసిందో చెప్తాను, రాసుకో."

చెల్లెలు కలం తీసింది. అక్క చెప్పడం మొదలుపెట్టింది. గ్రామఫోను మీద రికార్డు ముందే పెట్టి ఉంచడం, దీపాలు ఆరగానే కుడికాలితో కుర్చీ వెనక్కి తొయ్యడం, కట్టు ఒక మడత వదులు చేసుకోవడం. చిన్నప్పుడు మంచం పక్కన చెప్పినట్టే గడగడా చెప్పుకుపోయింది. చెల్లెలు ఒక్క ప్రశ్న వెయ్యకుండా రాసుకుంది. దీపాలు వెలిగే చోటికి వచ్చాక కలం ఆపింది.

"ఆవిడకేం తక్కువని చేసింది?" అంది తలెత్తకుండా.

"కుళ్ళు."

"ఎవరి మీద?"

"నీ మీద" అంది అక్క. "నీ కాఫీ సాసరు మీద కుళ్ళు. నీ ఉత్తరాల సంచి మీద కుళ్ళు. నా బల్ల దగ్గర కూచుని ఫొటో తీయించుకున్నావు చూడు, ఆరోజు నీ వేళ్ళు విరిగిపోతే బాగుండుననుకున్నాను. నీకంటే ముందు నేనొక కథ పంపానే. బాగాలేదని నాకు నేనే ఉత్తరం రాసుకున్నాను, నా చేత్తోనే. ఈ తప్పు నేను చూశాను. చూసి, గుర్తు పెట్టి, చెరిపేశాను. క్రిస్మస్ రోజు చెబుదామనుకుని మింగేశాను." ఇక ఏడుపు ఆగలేదు. పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చెల్లెలు లేచి వచ్చి కావలించుకుంటుందనుకుంది కాబోలు. చెల్లెలు లేవలేదు. కాసేపటికి, "స్టేషన్ మాస్టరు ఇప్పుడేం చేస్తాడు? పోలీసులకి పట్టిస్తాడా?" అని అడిగింది.

"నాకేం తెలుసే. దొంగని పట్టుకోవడం నాకెప్పుడొచ్చిందని?"

మిగతాది చెల్లెలే రాసింది. అక్క ఎదురుగా కూచుని కలం కదలడమే చూసింది. మర్నాడు ప్రూఫు వచ్చాక గానీ ఏం రాసిందో తెలియలేదు. స్టేషన్ మాస్టరు ఎవర్నీ పిలవడు. పియానో పక్కన మోకాళ్ళ మీద కూచుని మేనత్త చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, కట్టు తనే విప్పుతాడు. నక్షత్రం బయటపడుతుంది. దాని కింద, అంచులు గుచ్చుకుని ఇంకా నెత్తురోడుతూ, గాయం నిజంగానే ఉంటుంది. "ఇంత నొప్పి పెట్టుకుని ఎలా కూచున్నారమ్మా?" అని మాత్రం అడుగుతాడు ఆయన. కథ అక్కడితో అయిపోతుంది. అక్క అందులో ఒక్క తప్పు కూడా పట్టలేకపోయింది. టిక్కు పెట్టడానికి చాలాసేపు పట్టింది.

జనం ఆ ముగింపుని నెత్తిన పెట్టుకున్నారు. ఇరవై కథల్లో ఇదే గొప్పదన్నారు. చెల్లెలు ముందుగానే అన్నీ ఆలోచించి కావాలనే అందర్నీ బురిడీ కొట్టించిందని ఎడిటరుగారు కూడా ఊరంతా చెప్పుకొచ్చారు. అక్కకి అది విన్నప్పుడు కూడా ఎక్కడో కాస్త కాలింది. మనిషి ఒక్కరోజులో మారిపోతుందా ఏమిటి?

అక్కాచెల్లెళ్ళు మాటలేమీ మానుకోలేదు. ఆదివారాలు రాకపోకలున్నాయి, ఉత్తరాల సంచి అక్కే మోస్తోంది, మొగుడు మూకుడు మీద జోకులు వేస్తూనే ఉన్నాడు. మరుసటి ఏడు డిసెంబరులో ఇరవై ఒకటో కథ వచ్చింది. కథకి గుండుసూదితో గుచ్చి ఇంకో కాగితం ఉంది. దాని మీద చెల్లెలి దస్తూరీతో నాలుగు గళ్ళు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, చేతిలో ఏముంది. ఇన్నేళ్ళలో చెల్లెలు ఎప్పుడూ గీసుకోని గళ్ళు.

ఎప్పటిలాగే ఈ కథలోనూ ఒక పెద్దమ్మ ఉంది. అందరికంటే ముందు, మొదటి వరసలో ఆవిణ్ణే రాసింది చెల్లెలు. ఆవిడ ఎక్కడ కూచుంది, ఎప్పుడు లేచింది, ఏ చేత్తో ఏం పట్టుకుంది, నిమిషం నిమిషం లెక్క ఉంది. అక్క ఆ వరస రెండుసార్లు సరిచూసింది. పొరపాటేమీ లేదు. కాగితం అడుగున ఎర్రసిరాతో టిక్కు పెట్టి, తర్వాతి పేజీ తీసింది.